వియ్యపురాలి కడుపు చలవ

మా అత్తగారు ముప్ఫయ్యొక్క ఏళ్ళపాటు ఊళ్ళో హోటళ్ళ వంటిళ్ళు తనిఖీ చేశారు. ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టరు. ఆవిడ వీధి మొదట్లో కనిపిస్తే చాలు, వంటవాళ్ళు గోళ్ళు కొరికేసుకునేవాళ్ళట, కత్తిరించుకునే టైము లేక. చేతిసంచిలో ఎప్పుడూ ఒక థర్మామీటరు, ఒక టార్చిలైటు, ఒక తెల్లటి గుడ్డముక్క ఉండేవి. ఆ గుడ్డతో గోడ తుడిచి, గుడ్డ వంక ఒకసారి చూసి, తర్వాత ఓనరు వంక చూసేవారు. నోటితో తిట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదని ఆవిడే చెప్పుకునేవారు.

రిటైరయ్యాక ఆ శాఖ మొత్తం మా ఇంటికి బదిలీ అయింది. ఫ్రిజ్‌లో ప్రతి గిన్నెమీదా తారీకు రాసిన చీటీ. కూరగాయలకో చెక్క, మాంసానికో చెక్క, ఉల్లిపాయలకి విడిగా ఇంకో చెక్క. ఎనిమిదేళ్ళ కాపురంలో నేను సంపాదించిన జ్ఞానమంతా ఏ చెక్కమీద ఏది తరగకూడదు అన్నదే. పెళ్ళికి ముందు మా ఆయన నాతో, "మా అమ్మ మంచిది, కాకపోతే చేతులు కడుక్కుని మాట్లాడు" అన్నాడు. నేను జోకనుకుని నవ్వాను కూడా.

అలాంటి మనిషికి విరేచనాలు పట్టుకున్నాయి.

అసలు గొడవ పన్నుతో మొదలైంది. దవడపన్ను చీము పట్టి చెంప బూరెలా వాచింది. పళ్ళ డాక్టరు యాంటీబయాటిక్స్ రాశాడు. అత్తగారు గడియారం ముందు పెట్టుకుని మరీ, ఒక్క మాత్ర కూడా వదలకుండా వేసుకున్నారు. పన్ను నెమ్మదించింది. తొమ్మిదో రోజున కడుపు అందుకుంది. రోజుకి పధ్నాలుగుసార్లు. ఆ పధ్నాలుగూ ఆవిడే ఒక పుస్తకంలో టైముతో సహా రాసిపెట్టారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి విరేచనాలతో పోతుందా?

పేగుల డాక్టరు బక్కపల్చటి మనిషి. ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టుంటాడు, మాట మాత్రం విడమర్చి చెబుతాడు. మన పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయనీ, వాటిలో ముప్పాతిక మువ్వీసం మనకి మేలు చేసేవేననీ చెప్పాడు. పన్నుకోసం వేసిన మందు మంచీచెడ్డా చూడకుండా అందర్నీ ఊడ్చేసిందట. మందుకి లొంగని మొండిది ఒకటి మాత్రం మిగిలిపోయి, ఊరు ఖాళీ అయ్యేసరికి పెత్తనమంతా తన చేతిలోకి తీసుకుందట. దానికి నోరు తిరగని పొడుగాటి పేరొకటి చెప్పాడు. బయటికి రాగానే మా ఆయన దానికి 'మొండిఘటం' అని పేరు పెట్టాడు. మా ఇంట్లో అదే స్థిరపడింది.

"నా లోపలా?" అని అడిగారు అత్తగారు. పక్కింటి కుక్క మన గుమ్మంలో చేసిన పనికి మనల్ని నిలదీస్తే ఎలా అడుగుతామో అలా అడిగారు.

మొండిఘటానికి వేరే మందుంది. పది రోజులు వేస్తే తగ్గింది. మందు ఆపిన రెండు వారాలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మందు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. అలా మూడుసార్లు. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గిపోయారు. చేతి గడియారం మోచేతి దాకా జారేది. ఇంట్లోంచి కదలాలంటే దారిలో ఎక్కడెక్కడ బాత్రూములున్నాయో ముందు లెక్క చూసుకోవాల్సి వచ్చింది. ఆ లెక్క ఊళ్ళో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాటన్నిటికీ మార్కులు వేసింది ఆవిడే.

ఒక మధ్యాహ్నం హాస్పిటల్ నుంచి వస్తూంటే బస్సులో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, దిగాలి అన్నారు. దిగిన చోట ఎదురుగా ఉన్నది ఒక టీ హోటలు. దాని బాత్రూముకి మూడేళ్ళ కిందట అత్తగారు సున్నా వేసి, ఆ సున్నాని తలుపుకి అంటించి వచ్చారట. కౌంటర్ వెనకాల ఓనరు ఆవిడని చూశాడు, గుర్తుపట్టాడు, ఆవిడ నిలబడ్డ తీరు చూసి సంగతి కూడా గ్రహించాడు. ఒక్క మాట అనలేదు. మేకుకి తగిలించిన తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు. ఏదో ఒకటి అనుంటే ఆవిడకి కాస్త సుఖంగా ఉండేది. పావుగంట తర్వాత బయటికొచ్చి, తాళంచెవి ఇచ్చి, "ఇప్పుడు బాగానే ఉంచుతున్నారు" అన్నారు. నాకు తెలిసి ఆవిడ నోట అంత పెద్ద మెచ్చుకోలు అదే మొదటిది.

నాలుగోసారి తిరగబెట్టినప్పుడు డాక్టరు వేరే మార్గం చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, శుభ్రమైన ఉప్పునీటిలో కలిపి, వడకట్టి, రోగి పేగులోకి గొట్టంతో పంపిస్తారు. అందులో ఉన్న మంచి సూక్ష్మజీవులన్నీ లోపల దిగి, కాపురాలు పెట్టి, మొండిఘటాన్ని వెళ్ళగొడతాయి. వినడానికి ఎలా ఉన్నా పరిశోధనల్లో బాగా పనిచేస్తోందనీ, పదిమందిలో ఎనిమిదిమందికి తగ్గుతోందనీ, వాళ్ళ హాస్పిటల్లో కూడా ఒక అధ్యయనం నడుస్తోందనీ చెప్పాడు.

 మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

అత్తగారు లేచి నిలబడ్డారు. తాను ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఏ వస్తువు మనుషుల నోట్లోకి వెళ్ళకుండా కాపలా కాశారో, దాన్నే తన లోపలికి పంపిస్తానంటున్న ఈ పెద్దమనిషి ఏ కాలేజీలో చదివాడో కనుక్కోమని నాతో చెప్పి బయటికి నడిచారు. నోటి ద్వారా కాదని డాక్టరు వెనకనుంచి చెబుతూనే ఉన్నాడు.

ఆ మంకుపట్టు పన్నెండు రోజులు నిలబడింది. పదమూడో రోజు పొద్దున్న స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడిపోయారు. మా ఆయన తలుపు పగలగొట్టి ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. "పిల్లిపిల్లంత ఉంది" అని వంటింట్లోకొచ్చి ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, సరే అన్నారు అత్తగారు. ఒక షరతు పెట్టారు. సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిది ససేమిరా వద్దు.

అదృష్టమో దురదృష్టమో, హాస్పిటల్లో ముందే సేకరించి గడ్డకట్టించి ఉంచిన నిల్వ అయిపోయింది. దాతలు దొరకడం కష్టమట. వందమంది ముందుకొస్తే పరీక్షల్లో నెగ్గేది ఐదారుగురే. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వస్తే పరీక్షిస్తామన్నారు. మేం ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆయన, మా మరిది.

ప్రశ్నలడగడానికి ఒక రీసెర్చి నర్సుని పెట్టారు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, మొత్తం నూటపాతిక ప్రశ్నలు, మొహంలో ఒక్క గీత కదలకుండా చదివింది. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను కాబట్టి ఆ జోడు వదులైందన్న ఆలోచనతో కొంత కాలం గడిపాను. లేకపోతే ఆ ప్రశ్నలకి సిగ్గుతో చచ్చేదాన్ని. మొగుడి పక్కన కూచుని జవాబు చెప్పదగ్గ ప్రశ్నలు అందులో సగం కూడా లేవు.

మా ఆయన పదిహేడో ప్రశ్న దగ్గర పోయాడు. రెండేళ్ళుగా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాడట. నాకే తెలియదు. అమ్మ వంట బాగుందని చెప్పాలి, తినాలి, అరగాలి, మూడూ మాత్ర లేకుండా కావన్నాడు. నాకు ఒక పరీక్షలో పేగులో ఏదో ఏకకణజీవి కాపురముంటున్నట్టు తేలింది. దానివల్ల నాకేమీ నష్టం లేదు, పక్కవాళ్ళకి అంటించకూడదు అంతే అన్నారు. ఉల్లిపాయలకి విడిగా చెక్క పెట్టిన ఇంట్లో అది ఎలా చొరబడిందో దేవుడికే తెలియాలి.

మిగిలింది మా మరిది. రోజూ వ్యాయామశాలకి వెళ్ళి ఇనుప గుండ్లు ఎత్తే మనిషి. సిగరెట్టు లేదు, మందు లేదు, ఆకలి తప్ప రోగం లేదు. ఆశలన్నీ వాడి మీదే పెట్టుకున్నాం. ప్రశ్నల మధ్యలో గడిచిన ఆరు నెలల్లో పచ్చబొట్టు పొడిపించుకున్నారా అని నర్సు అడిగింది. వాడు నేలచూపులు చూశాడు. సూదుల ద్వారా రక్తంలోకి రోగాలు వస్తాయి కాబట్టి ఆరు నెలలు దాటనిదే దానం పనికిరాదట. తల్లికి జబ్బు చేసిందన్న బెంగతో వాడు రెండు నెలల కిందట వీపు నిండా పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఏమని అంటే, 'అమ్మ' అని. ఆ అక్షరాలే అమ్మకి అడ్డం పడ్డాయి.

ఇంటికొచ్చాక ఇంక ఎవరున్నారని వేళ్ళమీద లెక్కపెట్టాం. చివరి వేలు దగ్గర నేనూ మా ఆయనా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మిగిలింది మా అమ్మ.

ఇక్కడ కాస్త వెనకటి కథ చెప్పాలి. మా అమ్మ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో క్యాంటీను నడుపుతుంది. మధ్యాహ్నం రెండువందలమందికి వండి పెడుతుంది. యాభయ్యారేళ్ళు. రాయి తిన్నా అరిగించుకునే పిండం. జ్వరం వస్తే ఒప్పుకోదు కాబట్టి జ్వరమే విసిగి వెళ్ళిపోతుంది. పదకొండేళ్ళ కిందట ఫ్యాక్టరీలో నలుగురు పనివాళ్ళు వాంతులు చేసుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. చారు గిన్నెలో థర్మామీటరు ముంచారు, కిటికీ దగ్గర ఈగలు లెక్కపెట్టారు, నమూనాలు తీసుకుని క్యాంటీను తలుపుకి కాగితం అంటించారు. తొమ్మిది రోజులు మూత. ఆ రోజు ఆవిడ బండి చెడిపోయి కొడుకు కారులో దింపాడు. తల్లి లోపల ఈగల్ని లెక్కపెడుతున్నంతసేపూ కొడుకు బయట కౌంటర్ దగ్గర నన్ను చూస్తూ కూచున్నాడు. పెళ్ళి ఎలాగో అయింది. వియ్యపురాళ్ళిద్దరూ మాత్రం ఎనిమిదేళ్ళుగా నా ద్వారానే మాట్లాడుకున్నారు. "మీ అమ్మతో చెప్పు" అని ఈవిడ, "మీ అత్తగారితో అను" అని ఆవిడ. ఒకే గదిలో ఎదురెదురుగా కూచుని కూడా అదే వరస. మధ్యలో నేను తపాలా బంట్రోతుని.

మరునాడు క్యాంటీనుకెళ్ళి అమ్మకి విషయం చెప్పాను. అమ్మ పొయ్యి కట్టేసి, మొత్తం విని, ఉల్లిపాయల బస్తా మీద కూలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నా చేతి వంట పనికిరాదన్న మనిషికి నా ఒంట్లోంచి వచ్చింది కావాల్సి వచ్చిందా అంది. నవ్వు తగ్గాక, పదకొండు కిలోలు తగ్గారని చెబితే మొహం మారింది. ఇస్తానంది. కానీ నా ద్వారా కాదు, ఆవిడే నోరు తెరిచి అడగాలంది.

అత్తగారు ఒక పూటంతా ఆలోచించారు. సాయంత్రం నా ఫోను తీసుకుని, కుర్చీలో నిటారుగా కూచుని, అమ్మకి చేశారు. లౌడ్‌స్పీకరు ఎలా తీసేయాలో ఆవిడకి తెలియదు, మేం చెప్పలేదు.

"మీ నుంచి ఒక శాంపిల్ కోరుతున్నాను" అన్నారు.

"ఆఫీసు పనిమీదా?" అంది అమ్మ.

"కాదు. సొంతానికి."

"అయితే సొంతంగా అడగండి."

అత్తగారు కళ్ళు మూసుకున్నారు. "నాకు చాలా నీరసంగా ఉంది. ఇంకెన్నాళ్ళుంటానో తెలియట్లేదు. మీరు సాయం చెయ్యాలి."

 "ఏ రోజు రమ్మంటారో చెప్పండి. క్యాంటీనుకి సెలవు పెట్టాలి" అంది అమ్మ.

అమ్మ పరీక్షలన్నీ నెగ్గింది. రక్తం, మలం, నూటపాతిక ప్రశ్నలు. కొన్ని ప్రశ్నలకి నర్సుని ఎదురు ప్రశ్నలు వేసిందట. రెండు వారాల తర్వాత రిపోర్టు చూసిన డాక్టరు ఆవులింత మధ్యలో ఆపి, ఇంత రకరకాల సూక్ష్మజీవులున్న పేగు ఈమధ్య చూడలేదన్నాడు. అమ్మ ఆ మాటకి పొంగిపోయి ఫ్యాక్టరీ మొత్తానికి చెప్పింది.

అసలు రోజు వచ్చింది. సరుకు తాజాగా ఉండాలి. దాతల కోసం హాస్పిటల్లో విడిగా ఒక చిన్న గది, దానికో బాత్రూము ఉన్నాయి. ఐస్‌క్రీము డబ్బా లాంటి మూత డబ్బా ఒకటి ఇస్తారు. అమ్మకి రోజూ పొద్దున్న ఆరింటికి అలారం పెట్టినట్టు అవుతుంది. ఆ రోజు బలవంతాన ఆపుకుని ఎనిమిదింటికి హాస్పిటల్‌కి చేరింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదయింది.

రాలేదు.

పక్కగదిలో అత్తగారు తయారుగా ఉన్నారు. కడుపు కడగడానికి ముందురోజు నుంచీ ఉప్పగా ఉండే నీళ్ళు నాలుగు లీటర్లు తాగి, వెనకవైపు కట్టుకునే హాస్పిటల్ గౌను వేసుకుని, మంచం మీద వడిలిపోయి పడుకున్నారు. పదిన్నరకి డాక్టరు టైమిచ్చాడు. నర్సు ప్రతి పది నిమిషాలకీ వచ్చి తలుపు వంక చూసి పోతోంది. నేను తలుపు దగ్గర నిలబడి పంపు విప్పుకోమనీ, నీళ్ళ చప్పుడు వినమనీ చెప్పాను. అమ్మ లోపల్నించి, నీకు మూడేళ్ళప్పుడు నేనూ ఇవే చెప్పాను, అప్పుడు నువ్వు విన్నావా అంది. వంటింట్లో రెండువందలమంది ఒకేసారి అరిచినా బెదరని మనిషి, నలుగురు తలుపు బయట ఎదురుచూస్తున్నారంటే బిగుసుకుపోయింది.

తొమ్మిదింపావుకి అత్తగారు మంచం దిగారు. ఒక చేత్తో సెలైను స్టాండు తోసుకుంటూ, ఇంకో చేత్తో గౌను వెనకాల పట్టుకుని, బాత్రూము తలుపు దాకా వచ్చారు. నన్ను పక్కకి జరగమని సైగ చేశారు.

"నేను" అన్నారు.

"తెలుసు. ఇక్కడ కూడా తనిఖీయేనా?" అంది అమ్మ లోపల్నించి.

"కాదు. మత్తు ఇవ్వకముందు ఒక మాట చెప్పాలి. మీ క్యాంటీను రిపోర్టు మూడో రోజే వచ్చింది. మీ వంటలో ఏ దోషమూ లేదు. ఆ నలుగురూ ముందురోజు బయట ఎక్కడో తిన్నారు. నేను ఆ కాగితం సొరుగులో పెట్టాను. ఆరు రోజులు అలాగే ఉంచాను."

లోపల పంపు ఆగిపోయింది.

"ఎందుకు?" అంది అమ్మ.

"మూసిన తలుపు నేనే తెరిస్తే రేపటినుంచి నన్నెవరు లెక్కచేస్తారు అనుకున్నాను. తప్పే. అప్పుడూ తెలుసు."

 ఇలాంటప్పుడు ఎదటి మనిషి మనసు కరిగి కన్నీళ్ళు పెట్టుకోవాలి. మా అమ్మ తలుపు విసురుగా తెరుచుకుని బయటికొచ్చింది. చేతిలో ఖాళీ డబ్బా ఉంది.

"ఆ తొమ్మిది రోజులూ ఉన్న గిన్నెలే మళ్ళీ మళ్ళీ తోమాను. రోజూ నా చేతుల్ని నేనే వాసన చూసుకున్నానే వదినా" అంది. పదకొండేళ్ళలో ఆవిడని వదినా అని పిలవడం అదే మొదలు. అది కూడా తిట్టడానికి.

డబ్బా కుర్చీ మీద పెట్టి, ఇవ్వను అనేసి, వరండాలో చరచరా నడిచి వెళ్ళిపోయింది. అత్తగారు స్టాండు పట్టుకుని నిలబడిపోయారు. నర్సు మొదటిసారి కళ్ళజోడు పైకి తోసుకుంది.

నేను అమ్మ వెనకాల పరిగెత్తాను. వరండా చివర టీ మిషను దగ్గర నిలబడి ఒక కప్పు గడగడా తాగేసి, రెండోది పట్టుకుని తిట్లు మొదలెట్టింది. ముందు అత్తగారిని, తర్వాత ఆవిడ థర్మామీటరుని, తర్వాత ఆరోగ్యశాఖని, తర్వాత ఆ ఇంటికి పిల్లనిచ్చిన తన తెలివిని, చివరికి ఆ రోజు కౌంటర్ దగ్గర పళ్ళికిలించుకుంటూ కూచున్న నన్ను. నేను అన్నీ విన్నాను.  వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. తిట్టు మధ్యలో ఠక్కున ఆగింది. కప్పు నా చేతికిచ్చి, పొట్టమీద చెయ్యి వేసుకుంది.

"ఏమైందమ్మా?"

"కోపమొస్తే నాకు కడుపు ఆగదు" అంది.

వచ్చిన దారినే వెనక్కి నడిచింది. పరిగెత్తలేదు గానీ దానికి ఒక్క మెట్టు కిందుగా నడిచింది. అత్తగారు ఇంకా అక్కడే ఉన్నారు. కుర్చీ మీది డబ్బా లాక్కుంటూ, "క్షమించాననుకోకు. ఇది వేరే, అది వేరే" అని, లోపలికెళ్ళి గడియ వేసుకుంది.

నాలుగు నిమిషాలు పట్టలేదు. నర్సు చేతితొడుగులు వేసుకుని డబ్బా అందుకుంది. తూకం చూసి, ఒక్కళ్ళకి కాదు, ఇద్దరికి సరిపోతుందంది. అమ్మ చేతులు కడుక్కుంటూ, నేనెప్పుడు వండినా నలుగురికి మిగిలేలాగే వండుతాను అంది. అత్తగారిని మంచం మీద పడుకోబెట్టి తీసుకెళుతుంటే, డబ్బా మీద పేరూ టైమూ సరిగ్గా రాశారా, వడకట్టే జల్లెడ కొత్తదేనా అని అడుగుతూనే ఉన్నారు. మత్తు సూది ఇచ్చాక గానీ ఆ విచారణ ఆగలేదు.

గంటలో అంతా అయిపోయింది. డాక్టరు బయటికొచ్చి, పంపించాల్సింది పంపించాం, ఇక వాటి పని వాటిదే అన్నాడు. ఇది మంత్రం కాదనీ, పనిచేయకపోతే ఇంకోసారి చేయాల్సి రావచ్చనీ కూడా చెప్పాడు. ఇంకోసారి అన్న మాట వినగానే మా ఆయన మా అమ్మ వంక భయంగా చూశాడు.

ఆ అవసరం రాలేదు. మొదటిరోజు ఆరుసార్లు, రెండోరోజు మూడుసార్లు వెళ్ళారు. నాలుగోరోజు పొద్దున్న అత్తగారు బాత్రూములోంచి బయటికొచ్చి, మా అందర్నీ హాల్లోకి పిలిచారు. మా మరిది కూడా ఉన్నాడు. అందరం వరసగా నిలబడ్డాం.

"గట్టిగానే" అని ప్రకటించి, వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

మా ఆయన నన్ను పట్టుకుని గంతులేశాడు. ఒక ఇంట్లో నలుగురు పెద్దమనుషులు అలాంటి వార్తకి అంత సంబరపడటం బయటివాళ్ళెవరైనా చూసుంటే ఏమనుకునేవాళ్ళో. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు పెరిగారు. పుస్తకంలో రాయడం మానేశారు.

అమ్మ మాత్రం మాట్లాడలేదు. ఇప్పుడు నా ద్వారా కూడా మాట్లాడలేదు. ఫోను చేస్తే ఎలా ఉందని అడిగేది, బాగుందంటే సరే అని పెట్టేసేది. అత్తగారు ఒకరోజు నన్ను కూచోబెట్టుకుని, మీ అమ్మకి ఏం చేస్తే బాగుంటుంది అని అడిగారు. నేను అడిగి వచ్చాను. తపాలా బంట్రోతు పని అంత తొందరగా వదలదు కదా. అమ్మ చెప్పిన జవాబు ఒక్కటే. "నాకు చెప్పింది చాలు. అప్పుడు నా క్యాంటీనులో తిండి మానేసినవాళ్ళకి చెప్పమను."

అత్తగారు కాగితం మీద రాసుకున్నారు. ఇస్త్రీ చీర కట్టుకుని, బుధవారం మధ్యాహ్నం సరిగ్గా భోజనాల వేళకి ఫ్యాక్టరీకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. రెండువందలమంది తింటూండగా మధ్యలో నిలబడి చదివారు. ఫలానా తారీకున ఈ క్యాంటీనుని మూసింది నేనే, దోషం లేదని మూడో రోజునే తెలిసీ ఆరు రోజులు దాచాను, ఈ క్యాంటీను యజమానురాలికి జరిగిన అవమానానికి నేనే బాధ్యురాలిని అని.  కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నారు.

పదకొండేళ్ళలో పనివాళ్ళు సగానికి సగం మారిపోయారు. చాలామందికి ఆవిడ ఎవరో, ఏం చదువుతున్నారో అర్థం కాలేదు. కొందరు తింటూనే విన్నారు. ఒకతను ఉప్పు ఇటు జరపమని పక్కవాణ్ణి అడిగాడు. పాతవాళ్ళు ఏడెనిమిదిమంది మాత్రం ముద్ద ఆపి విన్నారు. వాళ్ళలో తల నెరిసిన కటింగ్ మిషను ఆపరేటరు లేచి నిలబడి, ఆ నలుగురిలో తానూ ఒకణ్ణనీ, ముందురోజు తిన్నదేమిటో తనకి అప్పుడే తెలుసనీ, అడిగినవాళ్ళు లేక చెప్పలేదనీ అన్నాడు. అమ్మ చేతిలో గరిటె ఉంది. అది ఎవరిమీద వేయాలో తేల్చుకోలేక కాసేపు అలాగే నిలబడింది. తర్వాత అత్తగారికి ఒక కుర్చీ లాగి, పళ్ళెం పెట్టింది.

అత్తగారు తిన్నారు. మొత్తం తిన్నారు. ఎదురుగా అమ్మ నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడి చూసింది.

"ఎలా ఉంది?" అంది.

"ఉడికింది" అన్నారు అత్తగారు. పళ్ళెం పక్కకి జరిపి, "బాగుంది, వదినా" అన్నారు.

తర్వాత హాస్పిటల్ నుంచి అమ్మకి ఫోనొచ్చింది. అదే జబ్బుతో ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారనీ, అధ్యయనానికి వారానికి రెండుసార్లు ఇవ్వగలరా అనీ నర్సు అడిగింది. అమ్మ ఒప్పుకుంది. ఒంటరిగా వెళితే మళ్ళీ బిగుసుకుపోతుందని అత్తగారు తోడు వెళుతున్నారు. మంగళవారం, శుక్రవారం పొద్దున్న ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు. దారంతా గిన్నెలు వేణ్ణీళ్ళతో తోమాలా చన్నీళ్ళతోనా అన్న దానిమీద వాదించుకుంటారు. హాస్పిటల్ చేరేసరికి అమ్మకి తగినంత కోపం వచ్చి ఉంటుంది కాబట్టి పని సులువుగా అయిపోతోంది. ఇది అనుకోకుండా జరుగుతోందో, అత్తగారు కావాలనే చేస్తున్నారో నేను అడగలేదు.

ఎవరికి ఇస్తున్నారో చెప్పరు. ఒక్కసారి మాత్రం నర్సు, లారీ డ్రైవరొకాయన నాలుగు నెలల తర్వాత మళ్ళీ బండి ఎక్కాడని నోరు జారింది. అమ్మ ఆ సంగతి నాకు ఫోనులో చెప్పి, ఆయన ఏ ఊళ్ళమీదుగా వెళతాడో అని చాలాసేపు మాట్లాడింది. వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది, ఫోను పట్టుకునే ముందు చేతులు కడుక్కుందా లేదా అని.